బేస్ నిండుగా, గొంతు స్పష్టంగా: ఏ హెడ్‌ఫోన్? దానికి ఏ యాంప్?

"హెడ్‌ఫోన్‌లో బేస్ చాలట్లేదు, మంచి యాంప్ ఏది కొనాలి?" తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ప్రతిసారీ నేను చెప్పేది ఒకటే. యాంప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ హెడ్‌ఫోన్ ఏదో, మీ చెవి చుట్టూ అది ఎలా కూర్చుంటోందో చెప్పండి అంటాను. బేస్ ఎంత వస్తుందన్నది చాలావరకు హెడ్‌ఫోన్ దగ్గరే తేలిపోతుంది. దానికి కావలసిన వోల్టేజీ, కరెంటు శుభ్రంగా అందించడమే యాంప్ పని.

ఈ తేడా తెలియక నేను డబ్బూ పోగొట్టుకున్నాను, రెండు నెలల సమయమూ పోగొట్టుకున్నాను. ఓమ్‌లు (కరెంటుకి హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు కొలత, ఆ అడ్డునే ఇంపెడెన్స్ అంటారు) ఎక్కువుంటే క్వాలిటీ ఎక్కువ అని ఎవరో చెబితే నమ్మి 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తెచ్చుకున్నాను. ఫోన్‌కి పెట్టి పాత కచేరీ రికార్డింగులు వింటే, వాల్యూమ్ చివరిదాకా పెంచినా పక్కింట్లో ఎవరో పాడుతున్నట్టు ఉండేది. దాంతో యాంప్ కొన్నాను. వాల్యూమ్ వచ్చింది కానీ బేస్ మాత్రం అలాగే పలచగా ఉండిపోయింది. ఒకరోజు రాత్రి పడుకునే ముందు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి విన్నాను. అదే పాట, అదే యాంప్, మృదంగం మాత్రం వేరు! రెండు నెలలుగా అద్దాల కాడ ప్యాడ్‌ని చెంప దగ్గర కాస్త పైకి ఎత్తి పెడుతోంది, ఆ సందులోంచి బేస్ అంతా బయటికి పోతోంది.

కాబట్టి మోడళ్ల పేర్లకి వెళ్లే ముందు, దేన్ని బట్టి ఎంచుకోవాలో మాట్లాడుకుందాం.

మీకు కావలసింది ఏ బేస్?

బేస్ అంటే ఒకటే ముద్ద కాదు. సుమారు 20 నుంచి 60 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనలు) వరకు ఉండేది అడుగు బేస్. దాన్ని వినడం కన్నా ఒంటికి తగలడం ఎక్కువ. ఇప్పటి సినిమా పాటల్లో సింథ్ దడ, థియేటర్‌లో కుర్చీ అదిరే శబ్దం అక్కడివే. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. 60 నుంచి 250 వరకు ఉండేది నడిమి బేస్. డ్రమ్ దెబ్బ, డప్పు మోత, తబలా ఎడమ చేతి గుమకం ఎక్కువగా ఇక్కడ వినిపిస్తాయి.

చవక హెడ్‌ఫోన్లు "ఎక్స్‌ట్రా బేస్" అని పెంచేది ఈ రెండోదాన్నే, అందులోనూ 150 నుంచి 250 మధ్య. మొదటి పది నిమిషాలు భలే ఉంది అనిపిస్తుంది. కాసేపటికి గాయకుడి గొంతు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు తోస్తుంది. ఎందుకంటే మగ గొంతుల కింది స్థాయి కూడా అక్కడే ఉంటుంది. బేస్ నిండుగా ఉండి గొంతు కూడా స్పష్టంగా ఉండాలంటే, పెంపు సుమారు 100 హెర్ట్జ్ కింద మొదలై, ఆ పైన చదునుగా ఉండాలి.

మా మేనమామ మృదంగం వాయించేవారు. కచేరీకి ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి ఎడమ మూత మధ్యలో అద్దేవారు. కొంచెం అద్ది, అరచేత్తో తట్టి విని, ఇంకొంచెం అద్దేవారు. తక్కువైతే శబ్దం తేలిపోతుంది, ఎక్కువైతే మొద్దుబారుతుంది. ఒక్కోసారి చిటికెడు గోటితో గీరి తీసేవారు. తృప్తి కలిగేదాకా కుడి వైపు ముట్టుకునేవారు కాదు. హెడ్‌ఫోన్ బేస్ సంగతి వచ్చినప్పుడల్లా నాకు ఆ చిటికెడు రవ్వే గుర్తొస్తుంది.

అందరికీ ఒకే పాళ్లు నచ్చవు కూడా. ఆడియో పరికరాలు చేసే హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్ అనే పరిశోధకుడి బృందం వందల మందికి రకరకాల ట్యూనింగులు, అంటే బేస్, గొంతు, పై శబ్దాల పాళ్లు మార్చి వినిపించి చూసింది. సుమారు 64 శాతం మందికి ఆ సంస్థ తయారుచేసిన ప్రమాణ ట్యూనింగే నచ్చింది. 15 శాతం మంది ఇంకా బేస్ కావాలన్నారు, 21 శాతం మంది తగ్గించమన్నారు. మీరు ఆ 15 శాతంలో ఉంటే అది తప్పేమీ కాదు. కాకపోతే రివ్యూ రాసినవాళ్లు ఏ గుంపులో ఉన్నారో చూసుకుని చదవండి.

మూసినదా, తెరిచినదా?

క్లోజ్డ్ బ్యాక్ అంటే కప్పు వెనక మూసి ఉండేది, ఓపెన్ బ్యాక్ అంటే వెనక జాలీ ఉండేది. మూసినదానిలో అడుగు బేస్ తేలిగ్గా వస్తుంది, బయటి శబ్దం తగ్గుతుంది. తెరిచినదానిలో పాట తల చుట్టూ విశాలంగా పరుచుకుంటుంది, చెవులకి గాలి ఆడుతుంది. మన ఇళ్లకి సంబంధించిన విషయం ఒకటి వీటిలో ఎవరూ చెప్పరు, అది సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ హోరులో కింది స్థాయి శబ్దాలు చాలా ఉంటాయి. ఓపెన్ బ్యాక్ పెట్టుకుంటే అది నేరుగా లోపలికి వచ్చి, మీరు డబ్బు పోసి కొన్న బేస్‌ని కప్పేస్తుంది. అలాగని ఫ్యాన్ ఆపి, మే నెలలో విజయవాడలో తోలు ప్యాడ్ల క్లోజ్డ్ బ్యాక్ పెట్టుకుని గంటసేపు కూర్చోలేరు. ఏసీ గది ఉన్నవాళ్లు, రాత్రిపూట వినేవాళ్లు ఓపెన్ బ్యాక్ వైపు ధైర్యంగా వెళ్లొచ్చు. పగలు ఫ్యాన్ కింద వినేవాళ్లకి వెల్వెట్ ప్యాడ్లున్న క్లోజ్డ్ బ్యాక్ మంచి రాజీ.

ఎంత సౌండ్‌లో వింటారు?

సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మరీ తక్కువగా వినిపిస్తుంది. ఇది చెవి స్వభావం. పిల్లలు పడుకున్నాక చిన్నగా పెట్టుకుని వినే మనిషికి బేస్ కాస్త ఎక్కువున్న హెడ్‌ఫోన్ కావాలి. అదే హెడ్‌ఫోన్ గట్టిగా వినేవాళ్లకి బరువుగా అనిపిస్తుంది. దీన్ని మరిచిపోయి బేస్ కోసం వాల్యూమ్ పెంచుకుంటూ పోతే చెవులు పాడవుతాయి. 80 డెసిబెల్ స్థాయిలో వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కీ ఆ సమయం సగం అవుతుంది. బేస్ కోసం వాల్యూమ్ బటన్ వైపు చెయ్యి పోతోందంటే, మీకు కావలసింది వేరే ట్యూనింగ్.

లెక్కలు ఒకచోట

పాటలో అతి గట్టి క్షణం 110 డెసిబెల్ చేరడానికి ఒక్కో హెడ్‌ఫోన్‌కి ఎంత వోల్టేజీ కావాలో, కంపెనీలు ఇచ్చిన సెన్సిటివిటీ (ఇంత కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందనే అంకె) నుంచి లెక్కకట్టాను. అంత గట్టిగా వినమని కాదు. పాత కచేరీ రికార్డింగులు తక్కువ స్థాయిలో ఉంటాయి, ఈక్వలైజర్ (ఏ స్థాయి శబ్దాన్ని ఎంత పెంచాలో, తగ్గించాలో పెట్టుకునే సెట్టింగ్) వాడితే మరికొంత తగ్గుతుంది, వాటికోసం వదిలిన ఖాళీ ఇది.

| హెడ్‌ఫోన్ | రకం | ఓమ్‌లు | కావలసిన వోల్టేజీ (వోల్ట్‌లు) | బేస్ తీరు |
|---|---|---|---|---|
| ఆడియో టెక్నికా ఏటీహెచ్ ఎం50ఎక్స్ | క్లోజ్డ్ | 38 | 0.7 | దెబ్బ గట్టిగా |
| ఏకేజీ కే371 | క్లోజ్డ్ | 32 | 0.6 | లోతుగా, సమంగా |
| బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో | క్లోజ్డ్ | 80 | 1.4 | నిండుగా, లోతుగా |
| అదే, 250 ఓమ్‌ల రకం | క్లోజ్డ్ | 250 | 2.5 | దాదాపు అదే |
| సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ | ఓపెన్ | 120 | 1.0 | శుభ్రంగా, కొంచెం తక్కువ |
| సెన్‌హైజర్ హెచ్‌డీ 650 | ఓపెన్ | 300 | 2.2 | నడిమి బేస్ వెచ్చగా, అడుగు తక్కువ |
| హైఫైమాన్ సుందర | ఓపెన్, ప్లానర్ | 37 | 1.2 | అడుగుదాకా చదునుగా |

ఒక్కోటీ ఎలా ఉంటుందంటే

డీటీ 770 ప్రో దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే "నిండు బేస్" అని అడిగేవాళ్లలో సగం మందికి ఇదే సరిపోతుంది. 80, 250 ఓమ్‌ల రకాలకి బూడిద రంగు వెల్వెట్ ప్యాడ్లు వస్తాయి, చెమట తక్కువ. అడుగు బేస్ నిజంగా కిందిదాకా దిగుతుంది. చిక్కు పైభాగంలో ఉంది. 8 వేల హెర్ట్జ్ దాటాక ఒక పదును ఉంటుంది. "స", "శ" అక్షరాలు చెవికి గీసుకుంటాయి, తాళాల మోత మరీ మెరుస్తుంది. నాకు గంట దాటితే అలసట వస్తుంది. ఈక్వలైజర్‌లో అక్కడ నాలుగైదు డెసిబెల్ తగ్గిస్తే ఈ ధరలో దీనికి పోటీ దొరకడం కష్టం. తగ్గించడం మీకు ఓపిక లేని పని అయితే కొనకండి. ఇంకో లోపం, కేబుల్ ఊడిరాదు. తెగితే టంకం పెట్టించాల్సిందే. ఫోనూ ల్యాప్‌టాప్ రెండింటికీ వాడేవాళ్లు 80 ఓమ్‌లది తీసుకోండి. డెస్క్ మీద మంచి యాంప్ ఇప్పటికే ఉన్నవాళ్లకే 250.

కే371 ట్యూనింగ్ హర్మన్ ప్రమాణానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఏకేజీ కూడా హర్మన్ గొడుగు కిందిదే. బేస్, గొంతు, వయొలిన్ మూడూ ఎవరి చోట వాళ్లు ఉంటారు. బేస్ ఉండి సమతూకం కూడా ఉండాలి అని ఎవరైనా అడిగితే నా నోట మొదట వచ్చే పేరు ఇదే. కానీ దీని కప్పులు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి, అందరి చెంపలకీ సరిగ్గా అతుక్కోవు. చెవి కింద చిన్న సందు మిగిలినా బేస్ మాయమైపోతుంది. పెట్టుకుని చూడకుండా, వాపసు ఇచ్చే వీలు లేకుండా దీన్ని కొనొద్దు.

ఎం50ఎక్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గట్టిది, మడతపడుతుంది, కేబుల్ ఊడదీయొచ్చు, ఫోన్‌తోనే మోగుతుంది. డ్రమ్ దెబ్బ హుషారుగా ఉంటుంది, గొంతు ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. మాస్ పాటలకి సరే, కర్ణాటక సంగీతానికి నేను ఎంచుకోను. ప్యాడ్ల లోతు తక్కువ, పెద్ద చెవులవాళ్లకి లోపల తగులుతుంది.

హెచ్‌డీ 650 వచ్చింది 2003లో. గొంతు వినిపించడంలో ఈనాటికీ అది ఒక మెట్టు పైనే ఉందని నా అభిప్రాయం. గాయకుడు శ్వాస తీసుకోవడం, గమకం మలుపు తిరగడం అన్నీ దగ్గరగా వినిపిస్తాయి. మృదంగం వెచ్చగా ఉంటుంది. కానీ 50 హెర్ట్జ్ కిందికి వెళ్లేకొద్దీ బేస్ జారిపోతుంది. కచేరీలు, పాత సినిమా పాటలు, గజల్స్ వినేవాళ్లకి ఆ లోటు తెలియదు. ఇప్పటి పాటల్లో గుండె అదిరే బేస్ కోసం అయితే ఇది కాదు. ఈక్వలైజర్‌తో అడుగు బేస్ లాగాలని చూస్తే కొంతవరకు వస్తుంది, ఆ తర్వాత శబ్దం చెదురుతుంది. హెచ్‌డీ 560ఎస్ ఇంత వెచ్చగా ఉండదు కానీ అడుగు బేస్ దీనికన్నా బాగా దిగుతుంది. యాంప్ లేకుండా మామూలు డాంగిల్‌తో (ఫోన్ చార్జింగ్ పోర్టుకి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న తీగ) నడుస్తుంది కాబట్టి చదువుకునే పిల్లలకి ఓపెన్ బ్యాక్ కావాలంటే నేను దాన్నే చెబుతాను.

సుందర ప్లానర్ రకం. మామూలు హెడ్‌ఫోన్లలో పొరని దానికి అతికించిన చిన్న తీగ చుట్ట కదిపితే, దీనిలో పలచని పొర మొత్తం అయస్కాంతాల మధ్య కదులుతుంది. తెరిచినదే అయినా బేస్ అడుగుదాకా చదునుగా వెళ్తుంది, జారిపోదు. మొదటిసారి వింటే బేస్ తక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే పెంపు ఏమీ లేదు. 100 హెర్ట్జ్ కింద 5 డెసిబెల్ పెంచి చూడండి, చెదరకుండా మొత్తం తీసుకుంటుంది. తబలా ఎడమ చెయ్యి జారుతూ గుమకం కిందికి దిగడం దీనిలో విన్నంత స్పష్టంగా, ఈ పట్టికలోని మరే హెడ్‌ఫోన్‌లోనూ నాకు వినిపించలేదు. బరువు 372 గ్రాములు, మెడనొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోండి.

ఇప్పుడు యాంప్

పట్టికలో వోల్టేజీ గడి మళ్లీ చూడండి. మామూలు యాపిల్ టైప్-సి డాంగిల్ గరిష్ఠంగా 1 వోల్ట్ ఇస్తుంది, ఐరోపాలో అమ్మేది దానిలో సగం. అంటే ఎం50ఎక్స్, కే371, హెచ్‌డీ 560ఎస్‌లకి ఆ డాంగిలే చాలు. 250 ఓమ్‌ల డీటీ 770 కూడా దానితో 102 డెసిబెల్ దాకా వెళ్తుంది. ఇప్పటి పాటలకి అది తక్కువేమీ కాదు. నలిగేది పాత రికార్డింగులు, ఈక్వలైజర్ వాడేవాళ్లు. బేస్ 6 డెసిబెల్ పెంచితే అక్కడ రెట్టింపు వోల్టేజీ, నాలుగు రెట్లు పవర్ కావాలి. యాంప్ కొనడానికి అసలైన కారణం ఇదే.

అటువైపు, డెస్క్ యాంప్‌ల ప్రకటనలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఫియో కే7 బ్యాలెన్స్‌డ్ పోర్టులో 32 ఓమ్‌లకి 2000 మిల్లీవాట్లు ఇస్తుంది. మన పట్టికలో ఎక్కువ పవర్ అడిగే సుందరకి 110 డెసిబెల్ పీక్‌కి కావలసింది సుమారు 40 మిల్లీవాట్లు. మిగతా 1960 కోసం మీరు డబ్బు కట్టాలా వద్దా అన్నది ఆలోచించండి. రేపు మరింత బరువైన ప్లానర్ కొనాలనుకునేవాళ్లకి అది అర్థముంది, మిగతావాళ్లకి లేదు.

పవర్ తర్వాత చూడాల్సింది యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్ తనలోనే ఉంచుకున్న అడ్డు. అది ఎక్కువైతే హెడ్‌ఫోన్ ట్యూనింగ్ మారిపోవచ్చు. హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించకూడదని ఒక మోటు లెక్క ఉంది. 32 ఓమ్‌లకి 4, 80కి 10. ఇప్పటి డాంగిళ్లు, ట్రాన్సిస్టర్ యాంప్‌లు చాలావాటికి అది ఒకటి రెండు ఓమ్‌లే కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే ట్యూబ్ యాంప్‌ల దగ్గర కథ వేరు. కొన్నిటికి 100 ఓమ్‌ల పైన ఉంటుంది. హెచ్‌డీ 650 ఇంపెడెన్స్ బేస్ దగ్గర దాదాపు 500 ఓమ్‌లకి లేస్తుంది, అందుకని అలాంటి యాంప్‌తో అక్కడ సుమారు 1 డెసిబెల్ పెరుగుతుంది. "ట్యూబ్ వెచ్చదనం" అని చెప్పుకునేదానిలో కొంత భాగం ఇదే. సుందరకి ఇంపెడెన్స్ చదునుగా ఉంటుంది, దానికి ఈ పెంపు రాదు. ఒక్క డెసిబెల్ కోసం ట్యూబ్ యాంప్ కొనే ముందు ఈక్వలైజర్‌లో ఆ డెసిబెల్ పెంచి వినండి, ఖర్చు లేని పని.

"బ్యాలెన్స్‌డ్" అనే మాట చాలామందిని తికమక పెడుతుంది. సౌండ్ సమతూకంగా ఉండటం ఒకటి, 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ పోర్టు మరొకటి. ఈ రెండింటికీ సంబంధం లేదు. బ్యాలెన్స్‌డ్ పోర్టు అదే యాంప్ నుంచి ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది, అంతే. గట్టిగా వినిపించేసరికి మెరుగైందనిపిస్తుంది, కాబట్టి పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చేసి వినండి.

నేను సూచించేవి మూడు దారులు. డాంగిల్ చాలే హెడ్‌ఫోన్ అయితే డాంగిల్‌తో ఆగిపోండి. ఫోన్‌తోనే తిరుగుతూ వినేవాళ్లకి కుడెలిక్స్ 5కే లాంటి బ్లూటూత్ యాంప్ మంచిది. మామూలు పోర్టులో 2 వోల్ట్‌లు, 2.5 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ పోర్టులో 4 వోల్ట్‌లు ఇస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఈక్వలైజర్ దాని లోపలే ఉంటుంది, ఏ ఫోన్‌కి తగిలించినా మీ సెట్టింగ్ మీ వెంటే వస్తుంది. డీటీ 770 పదును తగ్గించాలన్నా, సుందర బేస్ పెంచాలన్నా దానితో పని అయిపోతుంది. డెస్క్ దగ్గర కూర్చుని వినేవాళ్లకి జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్, షిట్ మాగ్ని లాంటివి ఈ పట్టికలోని అన్నిటినీ సులువుగా నడుపుతాయి. సెట్టింగుల జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకి ఐఫై జెన్ డాక్‌లో దానికోసమే ఒక బటన్ ఉంది, నొక్కితే అడుగు బేస్ పెరుగుతుంది. బస్సులో, మెట్రోలో వినడానికే అయితే నాయిస్ క్యాన్సిలింగ్ బ్లూటూత్ హెడ్‌ఫోన్ తీసుకోండి, దానిలో యాంప్ ఉంటుంది, వేరే యాంప్ దండగ.

డెస్క్ యాంప్ పెట్టాక గుయ్ అనే మోత వస్తే యాంప్ పాడైందని వెంటనే వాపసు పంపకండి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగితే తప్పు కరెంటు దగ్గరుంది. మన ఇళ్లలో చాలా ప్లగ్గులకి ఎర్త్ సరిగ్గా ఉండదు, ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో మరీను. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుకి మార్చి చూశాక మిగతా ఆలోచన చేయండి.

ఈక్వలైజర్ పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. 105 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (దాని కిందిదంతా కలిపి పెంచే రకం) ఎంచుకుని 4 నుంచి 6 డెసిబెల్ పెంచితే, ప్రీయాంప్ అనే గడిలో అంతే తగ్గించాలి. తగ్గించకపోతే గట్టి చోట్ల శబ్దం పగులుతుంది. చాలామంది దాన్ని హెడ్‌ఫోన్ లోపం అనుకుంటారు.

వినిచూసే పద్ధతి

షాపుకి వెళ్తే వాళ్లు పెట్టే డెమో పాట వద్దు, అది ఏ హెడ్‌ఫోన్‌లోనైనా బాగుండేలా ఎంచుకున్నదే. మీకు అక్షరం అక్షరం తెలిసిన మూడు పాటలు ఫోన్‌లో దించుకుని వెళ్లండి. ఒకటి బేస్ బాగా ఉన్న కొత్త పాట, ఒకటి మగ గొంతుతో నెమ్మదిగా సాగేది, ఒకటి మృదంగమో తబలానో ఉన్నది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు పెట్టుకునే వినండి. పాట నడుస్తుండగా రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కండి. క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ ఒక్కసారిగా పెరిగితే, ఆ హెడ్‌ఫోన్ మీ తలకి సరిగ్గా అతుక్కోవట్లేదని అర్థం. ఏ యాంప్ కొన్నా ఆ సందు పూడదు. మగ గొంతు వినేటప్పుడు బేస్ సంగతి మరిచిపోయి మాటలు వినండి. గొంతు బొంగురుగా తోస్తే నడిమి బేస్ ఎక్కువైంది.

వాడిన హెడ్‌ఫోన్ సగం ధరకి వస్తోందని కొనేవాళ్లు ప్యాడ్లు వేలితో నొక్కి చూడండి. నలిగి పలచబడిన ప్యాడ్లతో బేస్ మారిపోతుంది, లోపల మోగే భాగం (డ్రైవర్) చెవికి దగ్గరై పై శబ్దం కూడా తేడా చేస్తుంది. కొత్త ప్యాడ్ల ధర కలుపుకునే బేరమాడండి. వేసేటప్పుడు ఆ కంపెనీవే వేయండి. బయట దొరికే మెత్తటి తోలు ప్యాడ్లు హాయిగానే ఉంటాయి, కానీ వాటితో మీరు ఎంచుకున్న ట్యూనింగ్ ఇక మిగలదు.